టైరు ముందా, చక్రం ముందా?

ప్రశ్న: నా దగ్గర 2015 మోడల్ టయోటా 86 ఉంది, మాన్యువల్ గేర్లు. కంపెనీ ఇచ్చిన 17 అంగుళాల చక్రాలే ఇప్పటికీ ఉన్నాయి. టైర్లు కూడా కంపెనీ వేసిన రకమే మళ్లీ వేయించాను, 215/45 ఆర్ 17. అవి అరిగిపోయాయి. ఎలాగూ టైర్లు మార్చాలి కదా, చక్రాలు కూడా మార్చేద్దాం అనుకుంటున్నాను. 19 × 9.5 (19 అంగుళాల వ్యాసం, 9.5 అంగుళాల వెడల్పు), ఆఫ్‌సెట్ 35 సెట్ ఒకటి చూసి మనసు పారేసుకున్నాను. దాని మీద 255/35 ఆర్ 19 వేయాలని ఆలోచన. రోజూ ఆఫీసుకి ఈ కారే, వానలోనూ తప్పదు. రెండు మూడు నెలలకోసారి ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేసు ట్రాక్ మీద నడిపే రోజుకి, వెళ్తాను. ఒక ఫ్రెండ్ సగం అరిగిన 17 అంగుళాల సెమీ స్లిక్స్ (గాడులు బాగా తక్కువగా ఉండే ట్రాక్ టైర్లు) దాదాపు ఊరికే ఇస్తానంటున్నాడు. వాటి మీద తేదీ కోడ్ 2317 అని ఉంది. ఆ 19 సెట్ నా కారుకి పడుతుందా? వెనక వెడల్పు టైర్లు, ముందు సన్నవి వేయడం మంచిదా? సెమీ స్లిక్స్ తీసుకోవచ్చా? ఆఫ్‌సెట్ గురించి ఎంత చదివినా బుర్రకెక్కట్లేదు, అదీ కాస్త చెప్పండి.

జవాబు: ముందే ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఆ 19 సెట్ వద్దు, ఫ్రెండ్ ఇస్తానన్న టైర్లూ వద్దు. 225/45 ఆర్ 17 సైజులో మంచి సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైర్లు నాలుగూ ఒకేసారి కొని, ఇప్పుడున్న చక్రాల మీదే వేయించండి. ఆర్నెల్లు నడపండి. అప్పటికీ చక్రాల మీద మోజు తీరకపోతే 17 × 8, ఆఫ్‌సెట్ 45 చక్రాలు కొని, ఇవే టైర్లు వాటి మీదికి మార్చుకోండి. 225/45 టైరు 7 అంగుళాల రిమ్ నుంచి 8.5 అంగుళాల రిమ్ దాకా పడుతుంది కాబట్టి పెట్టిన డబ్బు వృథా కాదు.

మీరు అనుకున్న వరసని నేను తిరగేశానని తెలుసు. కానీ చక్రం చూసి ముచ్చటపడి, దానికి పట్టే టైరు వెతికి, ఆ టైరు పట్టేలా కారుని సర్దడం అంటే చెప్పుకి తగ్గట్టు కాలు కోసుకోవడమే. నేనూ ఒకప్పుడు కోసుకున్నవాడినే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మీ కారు 2012లో మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికి వేసిన టైరు మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ. ప్రియస్ హైబ్రిడ్‌కి కూడా ఇచ్చిన రకం అది. పెట్రోలు పొదుపు చేసే కారు టైరు స్పోర్ట్స్ కారుకేంటని చాలామంది ముక్కు విరిచారు. నిజానికి అది కావాలని చేసిన పని. గ్రిప్ తక్కువ ఉంటే కారు తక్కువ వేగంలోనే జారడం మొదలుపెడుతుంది, ఆ జారుడు చేతికీ నడుముకీ ముందే తెలుస్తుంది, నడపడం సరదాగా ఉంటుంది. ఆ ఆలోచన నాకు నచ్చుతుంది కూడా. కానీ మీరు అరిగిపోయాక మళ్లీ అదే రకం వేయించారు. అంటే ఈ కారు అసలు గ్రిప్ ఎంతో మీరు ఇంతవరకు చూడనే లేదు. సైజు, చక్రం ఏమీ మార్చకుండా రబ్బరు ఒక్కటి మార్చినా బ్రేకు దగ్గర, మలుపు దగ్గర వేరే కారు ఎక్కినట్టు ఉంటుంది. ముందు ఆ తేడా చూడండి.

వెడల్పు గురించి ఒక లెక్క. మీ కారు సుమారు 1,240 కిలోలు. నాలుగు చక్రాలకీ సమంగా పంచితే ఒక్కోదాని మీద 310 కిలోలు. టైరులో 35 పీఎస్ఐ గాలి ఉందనుకుంటే, నేలకి ఆనే రబ్బరు కాస్త అటూ ఇటూగా 125 చదరపు సెంటీమీటర్లు. అరచెయ్యంత అన్నమాట. 255 టైరు వేస్తే ఆ అరచెయ్యి కాస్తా పళ్లెం అయిపోతుందని అందరూ అనుకుంటారు. బరువు మారలేదు, గాలి మారలేదు, కాబట్టి ఆ విస్తీర్ణం కూడా పెద్దగా మారదు. మారేది ఆకారం. అడ్డంగా సాగుతుంది, ముందువెనకలు పొట్టిగా అవుతుంది. మలుపులో ఆ ఆకారం మేలు చేస్తుంది, వెడల్పు టైరుకి వేడిని తట్టుకునే శక్తీ ఎక్కువే. అందుకే రేసు కార్లకి వెడల్పు టైర్లు. కానీ నిలిచిన నీళ్లలో అదే వెడల్పు శత్రువు. సన్న టైరు నీటిని చీల్చుకుని వెళ్తుంది, వెడల్పు టైరు నీళ్ల మీదకి ఎక్కి తేలుతుంది. రోజూ వానలో ఆఫీసుకి వెళ్లే మనిషి ఈ సంగతి మర్చిపోకూడదు.

ఇప్పుడు మీరు చూసిన సెట్ దగ్గరికి వద్దాం. టైరు మీద రాసి ఉండే అంకెల్లో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది అంగుళాల్లో రిమ్ వ్యాసం. మీ ఇప్పటి టైరుకి లెక్క వేస్తే 215లో 45 శాతం, అంటే దాదాపు 97 మి.మీ. సైడ్‌వాల్. పైనొకటి, కిందొకటి, మధ్యలో 432 మి.మీ. రిమ్. మొత్తం ఎత్తు 625 మి.మీ. అదే లెక్క మీరు అనుకుంటున్న 255/35 ఆర్ 19కి వేయండి: 661 మి.మీ. వస్తుంది. దాదాపు 36 మి.మీ. పెద్దది, శాతంలో 5.7.

వినడానికి చిన్న అంకె. కానీ దానివల్ల మీటరు 100 చూపిస్తున్నప్పుడు, ముందు చూపించిన వేగం కన్నా కారు దాదాపు 6 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళ్తుంది. కంపెనీలు మీటరుని అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపించేలా పెడతాయి. ఆ కాస్త వెసులుబాటునీ ఈ టైరు మింగేసే ప్రమాదం ఉంది. గేర్లన్నీ 5.7 శాతం పొడుగైనట్టు అవుతాయి, కాబట్టి పికప్ చచ్చుబడుతుంది. 86 ఇంజన్‌కి కింద ఆర్‌పీఎంలో అసలే దమ్ము తక్కువ, దాని మీద ఇదొకటి. కారు 18 మి.మీ. పైకి లేస్తుంది. అంతే కొలత చక్రం చుట్టూ ఖాళీలోంచి పోతుంది. పాత టైరుకీ కొత్త టైరుకీ మధ్య తేడా 2 శాతం లోపు ఉండేలా చూసుకోండి. నేను చెప్పిన 225/45 ఆర్ 17 ఎత్తు 634 మి.మీ., తేడా 1.4 శాతం. ఇంకా దగ్గరగా కావాలంటే 245/40 ఆర్ 17 ఉంది, 628 మి.మీ., కానీ దానికి కనీసం 8 అంగుళాల రిమ్ కావాలి.

సరే, 19లోనే ఎత్తు సరిపోయేది వేస్తానంటారా? 255/30 వేయొచ్చు, 636 మి.మీ. అప్పుడు సైడ్‌వాల్ 76 మి.మీ. మీ చెయ్యి రిమ్ అంచున అడ్డంగా పెట్టి చూడండి, సుమారు నాలుగు వేళ్ల మందం. గుంతలో దిగితే దెబ్బ తినేది ఆ నాలుగు వేళ్ల రబ్బరు, అది నలిగిపోతే రిమ్. పైగా పెద్ద రిమ్ అంటే బరువు ఇరుసుకి దూరంగా, అంచు దగ్గర పోగుపడుతుంది. దాన్ని తిప్పడానికీ ఆపడానికీ శక్తి ఎక్కువ కావాలి. స్పోర్ట్స్ కారుకి పెద్ద చక్రాలు వేసి నెమ్మది చేసుకోవడం నేల విడిచి సాము చేయడం లాంటిదే. కంపెనీలు షోరూమ్‌లో అందం కోసం పెద్ద చక్రాలు వేస్తాయి, కాదనను. కానీ అవి సస్పెన్షన్‌ని కూడా దానికి తగ్గట్టు సరిచేస్తాయి.

ఇక ఆఫ్‌సెట్. మీకే కాదు, చాలామందికి బుర్రకెక్కదు. పుస్తకంలో బొమ్మ చూసే కన్నా ఇలా ఊహించుకోండి. చక్రాన్ని వెడల్పులో సరిగ్గా మధ్యకి కోస్తూ ఒక గీత గీయండి. చక్రం హబ్‌కి (కారు వైపు చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖం ఆ గీత మీదే ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ ముఖం బయటివైపుకి, అంటే వీధి వైపుకి, 48 మి.మీ. జరిగి ఉంటే ఆఫ్‌సెట్ 48. ముఖం బయటికి జరిగితే చక్రం మొత్తం కారు లోపలికి జరుగుతుంది. అందుకే అంకె పెరిగేకొద్దీ చక్రం లోపలికి, తగ్గేకొద్దీ బయటికి. ఇక్కడే అందరూ తడబడతారు.

వెడల్పు కూడా మారినప్పుడు అంకె ఒక్కటే చూస్తే చాలదు. రిమ్ వెడల్పుని 25.4తో గుణించి, సగం చేసి, అందులోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే బయటి అంచు హబ్ నుంచి ఎంత దూరమో వస్తుంది. కలిపితే లోపలి అంచు. మీ పాత చక్రం 17 × 7, ఆఫ్‌సెట్ 48. సగం వెడల్పు 89. బయటికి 41, లోపలికి 137. మీరు మనసు పడ్డ 9.5, ఆఫ్‌సెట్ 35 చక్రానికి సగం వెడల్పు 120.6. బయటికి 85.6, లోపలికి 155.6. అంటే ప్రతి చక్రం బయటికి దాదాపు 45 మి.మీ., లోపలికి 19 మి.మీ. జరుగుతుంది. బయట మడ్‌గార్డ్ అంచు, లోపల స్ట్రట్టు (సస్పెన్షన్ కడ్డీ), మధ్యలో ఇరుక్కున్నది మీ కొత్త టైరు. పడుతుందా అని అడిగారు. మడ్‌గార్డ్ అంచు మడిచి, క్యాంబర్ (చక్రం పైభాగం కారు లోపలికి వాలడం) బాగా పెంచి, ఎత్తు తగ్గని సస్పెన్షన్ పెట్టి పట్టించినవాళ్లు ఉన్నారు. అప్పుడు అది రోజూ ఆఫీసుకి వెళ్లే కారుగా మిగలదు. టైరు మడ్‌గార్డ్ దాటి బయటికి కనిపిస్తే చాలా దేశాల్లో చట్టం కూడా ఒప్పుకోదు.

నేను చెప్పిన 17 × 8, ఆఫ్‌సెట్ 45కి ఇదే లెక్క వేస్తే బయటికి 16, లోపలికి 10 మి.మీ. జరుగుతుంది. మీ కారు ఎత్తు మార్చకపోతే ఇది ఏమీ మడవకుండా, గీకకుండా కూర్చుంటుంది.

కాలు కోసుకున్న సంగతి చెప్తానన్నాను కదా. వెనక చక్రాలతో నడిచే నా మొదటి కారుకి సెకండ్ హ్యాండ్ చక్రాలు కొన్నాను. ఆఫ్‌సెట్ 30 అని అమ్మినాయన అన్నాడు, నేను తల ఊపాను. 30 అంటే ఏంటో నాకు తెలియదు, తెలియదని ఒప్పుకోవడానికి మొహమాటం. నేను ఒక్కడినే నడిపినంతకాలం బాగానే ఉంది. ఒకరోజు వెనక సీట్లో ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని స్పీడ్ బ్రేకర్ దాటాను. వెనకనుంచి గర్‌ర్‌మని శబ్దం, కాలిన రబ్బరు వాసన. దిగి చూస్తే టైరు భుజం మీద చుట్టూతా కత్తితో గీసినట్టు గీత. మడ్‌గార్డ్ లోపలి అంచు పెయింట్ పోయి వెండిలా మెరుస్తోంది. వారం రోజుల పాత టైరు. స్నేహితుల్లో ఒకడు, "బరువెక్కువైతే మమ్మల్ని దింపెయ్యరా" అన్నాడు. వాడు ఇప్పటికీ ఆ మాట వదలడు.

అందుకే కొలవకుండా కొనొద్దు. కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి రంగుమట్టి తెచ్చుకోండి. బొటనవేలంత ముద్దలు చేసి స్ట్రట్టు మీద టైరుకి ఎదురుగా ఒకటి, మడ్‌గార్డ్ లోపలి అంచున రెండు మూడు అతికించండి. ముద్ద టైరుకి దాదాపు తాకేంత మందంగా ఉండాలి. తర్వాత వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి, ఖాళీ స్థలంలో మెల్లగా, స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పుతూ, ఒక పక్క చక్రం ఎత్తు మీదకి ఎక్కించి నడపండి. ఆగి చూస్తే ముద్ద నలిగిన చోట మిగిలిన మందమే మీకున్న అసలు ఖాళీ. దాన్ని స్కేలుతో కొలిచి రాసుకోండి. ఇప్పుడున్న చక్రాలతోనే ఈ పని చేసి, పైన చెప్పిన లెక్కని అందులోంచి తీసేస్తే కొత్త చక్రానికి ఎంత మిగులుతుందో తెలిసిపోతుంది. లోపలి వైపు కనీసం 5 మి.మీ. మిగలాలి నా లెక్కలో. టైరు మలుపులో పక్కకి వంగుతుంది కదా. పెద్ద బ్రేకులు వేయించుకున్నవాళ్లకి ఇంకొక పేచీ ఉంది. ఆఫ్‌సెట్ సరిపోయినా చక్రం ఊచలు క్యాలిపర్‌కి (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగానికి) తగలొచ్చు. మీ బ్రేకులు కంపెనీవే అయితే దీనికి టెన్షన్ పడక్కర్లేదు.

స్పేసర్లు (చక్రానికీ హబ్‌కీ మధ్య పెట్టే బిళ్లలు) పెట్టి ఆఫ్‌సెట్ సర్దుకోవచ్చా అని తర్వాత అడుగుతారేమో, ఇప్పుడే చెప్తున్నాను. మీకు వాటి అవసరం లేదు. చక్రం బయటికి జరిగేకొద్దీ ముందు చక్రాలు స్టీరింగ్‌ని లాగడం పెరుగుతుంది, రోడ్డు మీది ప్రతి గాడీ చేతికి తెలుస్తుంది, బేరింగుల మీద బరువు పడే తీరు మారుతుంది. 86 స్టీరింగ్‌లో ఉన్న శుభ్రమైన స్పర్శే దాని సొగసు. దాన్ని చేజేతులా పాడుచేసుకోవడం ఎందుకు?

టైరు రకాల దగ్గరికి వస్తే, మీలాంటివాళ్లకి మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది రోడ్డు కోసం చేసిన సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైర్లు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 5, బ్రిడ్జ్‌స్టోన్ పొటెన్జా స్పోర్ట్, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 అసిమెట్రిక్ 6 ఈ జాతివి. వానలో భయపెట్టవు, ట్రాక్ మీద నాలుగైదు ల్యాపుల పాటు నిలకడగా ఉంటాయి, తర్వాత వేడెక్కి కాస్త మెత్తబడతాయి. రెండో మెట్టు ట్రెడ్‌వేర్ 200 (మన్నిక రేటింగు, కింద చెప్తాను) అని రాసి ఉండే టైర్లు: యొకొహామా అడ్వాన్ నియోవా ఏడీ09, బ్రిడ్జ్‌స్టోన్ పొటెన్జా ఆర్ఈ-71ఆర్ఎస్, హాంకుక్ వెంటస్ ఆర్-ఎస్4. ట్రాక్ మీద వీటి దారే వేరు. కానీ నిలిచిన నీళ్లంటే భయం, రోడ్డు మీద రొద, తొందరగా అరుగుదల. మూడోది మీ ఫ్రెండ్ దగ్గరున్న సెమీ స్లిక్స్. టోయో ఆర్888ఆర్, నాన్‌కాంగ్ ఏఆర్-1 లాంటివి. ఇవి వేడెక్కితేనే పట్టు. ఉదయాన్నే చల్లటి రబ్బరుతో, తడి రోడ్డు మీద మొదటి మలుపు దగ్గర వాటికి పట్టు ఉండదు. ఉదయం ఎనిమిదింటికి మీరు ఆఫీసుకి బయల్దేరేదే అప్పుడు.

మీది మొదటి మెట్టు. అనుమానం లేదు. రెండో మెట్టు కావాలంటే దానికి వేరే చక్రాల సెట్ ఉండాలి. ట్రాక్ డే రోజు మార్చుకుని, ఇంటికి వచ్చేముందు మళ్లీ మార్చుకోవాలి. రెండు మూడు నెలలకోసారి వెళ్లేవాడికి ఆ తతంగం ఎక్కువ.

ట్రెడ్‌వేర్ అంకె గురించి ఒక మాట. అది అమెరికా పద్ధతిలో ఇచ్చే రేటింగు. 100 అని పెట్టుకున్న ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, తమ టైరు ఎంతకాలం మన్నుతుందో తయారీదారే పరీక్షించి అంకె వేసుకుంటాడు. ఒకే కంపెనీ టైర్లని పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఒక కంపెనీ 200, ఇంకో కంపెనీ 200 ఒకటే అనుకుంటే మోసపోతారు. పక్కనే ఏఏ, ఏ, బీ అని ఉండే ట్రాక్షన్ అక్షరం తడి రోడ్డు మీద తిన్నగా వెళ్తూ బ్రేకు వేసినప్పటి పట్టు మాత్రమే. మలుపు గురించి అది ఏమీ చెప్పదు.

ఇక మీ ఫ్రెండ్ టైర్ల మీది 2317. అది 2017వ సంవత్సరం 23వ వారం. జూన్ నెల. ట్రెడ్ (నేలకి ఆనే రబ్బరు పొర) సగం మిగిలినా రబ్బరు ఇప్పటికే ముసలిదైపోయింది. ట్రాక్ టైరు ప్రతిసారీ కాగి చల్లారుతూ ఉంటే లోపలి నూనెలు తగ్గి గట్టిపడుతుంది. అది కళ్లకి కనిపించదు. బొటనవేలి గోరుతో ట్రెడ్ మీద గట్టిగా నొక్కి చూడండి. కొత్త టైరులో గోరు కాస్త దిగి, తీశాక గుర్తు మెల్లగా మాయమవుతుంది. ముసలి సెమీ స్లిక్ మీద గోరు జారిపోతుంది. ఇది సైన్సు పరీక్ష అని చెప్పను, కానీ నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. ఫ్రెండ్‌కి థాంక్స్ చెప్పి వదిలేయండి.

వెనక వెడల్పు, ముందు సన్నం అనే ముచ్చట మీ కారుకి అక్కర్లేదు. వెనక చాలా బరువు, చాలా శక్తి ఉన్న కార్లకి అది అవసరం. మీ కారుకి నాలుగూ ఒకే సైజు వేసి తయారుచేశారు, దాని సమతూకం అందులోనే ఉంది. వెనక పట్టు పెంచి ముందు అలాగే వదిలేస్తే కారు మలుపులో ముక్కు తిప్పనని మొండికేస్తుంది. పైగా ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకునే వీలు పోతుంది. ముందు వెనక ఎత్తులు తేడా వస్తే ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోలు చక్రాల వేగాలు చూసి తికమకపడతాయి.

కొనేటప్పుడు సైజు తర్వాత ఉండే అంకె, అక్షరం కూడా చూడండి. 91 డబ్ల్యూ అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, గంటకి 270 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. వై అయితే 300. మీ పాత టైరు మీద ఉన్నదాని కన్నా ఇవి తక్కువ కాకూడదు, అంతే.

తర్వాత ఎప్పుడైనా 17 × 8 కొంటే, ఆఫ్‌సెట్ సరిపోయిందని మురిసిపోకుండా మధ్య రంధ్రం కూడా చూడండి. మీ కారు హబ్ 56.1 మి.మీ. బయట దొరికే చాలా చక్రాల మధ్య రంధ్రం 73.1 ఉంటుంది, రకరకాల కార్లకి పట్టాలని. ఆ 17 మి.మీ. ఖాళీని నింపడానికి హబ్ రింగులు వేయాలి. నాకు ఒకసారి కొత్త చక్రాలు వేసిన షాపువాళ్లు ఈ రింగులు వేయడం మర్చిపోయారు. 90 దాటగానే స్టీరింగ్ వణుకు. బ్యాలెన్సింగ్ నాలుగుసార్లు చేయించాను, అలైన్‌మెంట్ రెండుసార్లు. వెళ్లిన ప్రతిసారీ, "రోడ్డు అలాంటిది సార్" అన్నారు. చివరికి విసుగొచ్చి నేనే చక్రం విప్పి చూస్తే హబ్ చుట్టూ ఖాళీ కనపడింది. చిటికెన వేలి గోరు అందులో దూరింది. రింగులు వేశాక వణుకు మాయం. ప్లాస్టిక్‌వి ట్రాక్ వేడికి మెత్తబడతాయి, మీరు అల్యూమినియంవి వేయించండి.

బోల్టు రంధ్రాల లెక్క మీ కారుకి 5 × 100, అంటే 100 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తం మీద ఐదు రంధ్రాలు. ఎక్కువ చక్రాలు 5 × 114.3లో దొరుకుతాయి కాబట్టి అడాప్టర్ వేసి పెట్టేద్దామని ఎవరైనా అంటే మర్యాదగా బయటికి వచ్చేయండి. చక్రం వెనకవైపు జేడబ్ల్యూఎల్, వీఐఏ లాంటి నాణ్యత ముద్రలు ఉన్నాయో లేదో చూడండి. అచ్చు అదే డిజైన్‌లో సగం ధరకి వచ్చే నకలు చక్రాలు ట్రాక్ మీద పగిలితే డబ్బు మాత్రమే పోదు. పోత పోసినవి చౌక, బరువు. తిప్పుతూ రిమ్ సాగదీసి చేసే ఫ్లో ఫార్మ్‌డ్ రకం మధ్యస్థం, మీకు అది చాలు. లోహాన్ని గట్టిగా నొక్కి చేసే ఫోర్జ్‌డ్ అయితే తేలికా, గట్టిదనమూ రెండూ ఉంటాయి, ధర కూడా అలాగే ఉంటుంది. రేస్ (Rays) అనే కంపెనీ చేసిన పేరున్న చక్రం టీఈ37లో ఆ 37 ఎక్కడిదో తెలుసా? 15 × 6 సైజు చక్రం 3.7 కిలోలే తూగిందని. పేరులోనే బరువు పెట్టుకున్నారు. కొనేముందు మీరూ తూకం వేసి చూడండి, పాతది ఒకటి, కొత్తది ఒకటి.

టైర్లు వేయించాక చేయాల్సినవి చెప్పి ఆపేస్తాను. పక్కన ఔట్‌సైడ్ అని రాసి ఉన్న ముఖం బయటికే ఉందా అని షాపులోనే చూడండి, తిరగేసి వేసేవాళ్లు తక్కువేమీ కాదు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు కొత్త రబ్బరు మీద తయారీ జిడ్డు ఉంటుంది, గట్టిగా తొక్కొద్దు. నట్లు మాన్యువల్‌లో రాసిన బిగువుకే టార్క్ రెంచితో బిగించి, 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడండి. గాలి డోరు దగ్గర స్టిక్కర్‌లో ఉన్నదానితో మొదలుపెట్టండి. ట్రాక్‌లో టైరు వేడెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది, ఆరేడు పీఎస్ఐ పెరిగినా ఆశ్చర్యం లేదు. పెరిగిన కొద్దిని ఆగినప్పుడల్లా తీస్తూ ఉండండి, ఇంటికి బయల్దేరేముందు మళ్లీ నింపుకోండి. ఎంత తియ్యాలో తెలియకపోతే సుద్దముక్కతో టైరు భుజం మీద అడ్డంగా గీతలు గీసి రెండు ల్యాపులు తిరగండి. గీత ట్రెడ్ అంచు దాకా చెరిగితే సరే. సైడ్‌వాల్ మీదికి బాగా చెరిగిపోతే గాలి తక్కువైంది, భుజం దాకా రాకుండానే ఆగిపోతే ఎక్కువైంది.

ముందు చక్రాలకి క్యాంబర్ కాస్త పెంచండి. కంపెనీ ఇచ్చినప్పుడు మీ కారుకి దాదాపు నిటారుగా ఉంటుంది, అందుకే ట్రాక్ డేల తర్వాత టైరు బయటి భుజమే అరిగి ఉంటుంది. మైనస్ ఒకటిన్నర డిగ్రీలు మీలాంటి వాడకానికి సరిపోతాయి, క్యాంబర్ బోల్టులతో వస్తుంది. మీ పాత టైర్లు పారేసేముందు ఒక పని చేయండి. ముందు టైరు ట్రెడ్ మీద అరచెయ్యి బయటినుంచి లోపలికి ఒకసారి, లోపలినుంచి బయటికి ఒకసారి రాయండి. ఒకవైపు పిల్లి వీపు నిమిరినట్టు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా గరుకుగా తగిలితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కుదరలేదు. అలైన్‌మెంట్ షాపులో ఆ మాట చెప్పండి. కొత్త టైర్లు వేయించిన రోజే సరిచేయించుకుంటే వాటికి ఆ గతి పట్టదు.

మట్టిముద్దలు అతికించి చూశాక వెనక చక్రం దగ్గర లోపల ఎంత, బయట ఎంత మిగిలిందో రాసి పంపండి. 17 × 8కి ఆఫ్‌సెట్ 45 దగ్గరే ఆగాలా, 40 దాకా వెళ్లొచ్చా అన్నది ఆ రెండు అంకెలు చూసి చెప్తాను.